అతణ్ణి చూస్తే ఎందుకు జంకు?

రైల్వే స్టేషన్‌లో నలుగురు కూర్చోగలిగే బల్ల ఒకటి ఉంది. ఆ బల్ల చివర ఒక అమ్మాయి కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. మిగతా బల్లంతా ఖాళీ. అంతలో ఒకాయన వచ్చాడు. ఖాళీగా ఉన్న రెండో చివర కూర్చోకుండా సరిగ్గా ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి అలాగే చూశాడు. కాసేపటికి తనలో తాను నవ్వుకున్నాడు. తరువాత ఎవరూ అడగకుండానే రైలింజన్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి "ఊఁ" అని ఊరుకుంది. ఆయన ఆపలేదు.

ఆయన తిట్టలేదు, కొట్టలేదు, ఏమీ లాక్కోలేదు. అయినా ఆ అమ్మాయికి వీపు మీద చీమలు పాకినట్లయింది. లేచి వెళ్ళి, అవతల సామాన్లతో కూర్చున్న ఒక కుటుంబం పక్కన నిలబడింది.

ఇలాంటివారిని మనవాళ్ళు "అదోరకం మనిషి" అంటారు. ఎందుకలా అంటున్నారని అడిగితే మాత్రం చెప్పలేరు. "ఏమో, చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది" అంటారు. కోపం కాదు, పూర్తి భయమూ కాదు. రెండింటికీ మధ్య ఉన్న ఈ భావాన్ని మనం ఈ వ్యాసంలో "జంకు" అందాం.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఆ అమ్మాయి లేచి వెళ్ళడం సబబేనా? ఆయన చెడ్డవాడేనా? చాలామంది ఈ రెంటినీ ఒకే ప్రశ్న అనుకుంటారు. కాదు. ఎందుకు కాదో తెలుసుకోవాలంటే ముందుగా ఈ జంకు ఎలా పుడుతుందో చూడాలి.

మెదడులో బాదంపప్పు

మన మెదడులో ఇరువైపులా, కణతలకు లోపలగా, బాదంపప్పు ఆకారంలో ఒక్కొక్క చిన్న భాగం ఉంది. దాని పేరు అమిగ్డలా. గ్రీకు భాషలో ఆ మాటకు బాదం అనే అర్థం. ప్రమాదాన్ని పసిగట్టే పనిలో దానికి ముఖ్యమైన పాత్ర ఉంది. ఎదుట ఏదో తేడాగా ఉందని తోచగానే అక్కడి నుంచి సంకేతాలు బయలుదేరుతాయి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. వెంట్రుకల కుదుళ్ళ దగ్గరుండే చిన్న చిన్న కండరాలు బిగుసుకుంటాయి. రోమాలు నిక్కబొడుచుకుంటాయి. దీన్నే ఒళ్ళు జలదరించడం అంటాం. కుక్క ఎదురైతే పిల్లి తన జూలంతా నిక్కించి పెద్దదిగా కనిపించడం మీరు చూసే ఉంటారు. మనకు ఒంటిమీద జూలు పోయింది గాని ఆ కండరాలు మాత్రం మిగిలాయి.

ఎదుటి మనిషికీ మనకూ మధ్య ఉండవలసిన దూరాన్ని కూడా అమిగ్డలా కనిపెట్టి ఉంటుందని 2009లో తేలింది. అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన శాస్త్రజ్ఞులు ఒక స్త్రీని పరీక్షించారు. అరుదైన వ్యాధి వల్ల ఆమెకు రెండు వైపులా అమిగ్డలా దెబ్బతింది. "ఎదుటి మనిషి వైపు నడుస్తూ వెళ్ళి, మీకు ఇబ్బంది లేని దూరంలో ఆగండి" అని చెప్పారు. మామూలు మనుషులు సగటున 76 సెంటీమీటర్ల దూరంలో ఆగారు. ఆమె 34 సెంటీమీటర్ల దాకా వెళ్ళి ఆగింది. కాపలావాడు లేని గేటులా అయింది ఆమె పరిస్థితి.

తాడా? పామా?

అయితే ఒక సందేహం. కర్ర ఎత్తి మీదికి వచ్చేవాడిని చూసినప్పుడు కలిగేది జంకు కాదు, భయం. అప్పుడేం చేయాలో మనకు స్పష్టంగా తెలుసు, పరుగెత్తుతాం. స్నేహితుణ్ణి చూస్తే నవ్వుతాం. ఆ సంగతీ స్పష్టమే. ఈ రెంటికీ మధ్య, ఎదుటివాడు మిత్రుడో శత్రువో తేలనప్పుడు ఏం చేయాలి? పరుగెత్తితే నవ్వులపాలవుతాం. ఊరికే కూర్చుంటే ప్రమాదం రావచ్చు. ఎటూ తేలని ఆ స్థితిలో మెదడు మనల్ని ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఉండమంటుంది. ఆ స్థితే జంకు. అమెరికాలోని నాక్స్ కళాశాలకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ మెక్‌ఆండ్రూ ప్రతిపాదించిన సిద్ధాంతం ఇదే. ప్రమాదం ఉందని తెలియడం వల్ల కాదు, ఉందో లేదో తెలియకపోవడం వల్లనే జంకు పుడుతుందని ఆయన అన్నాడు.

తేలనప్పుడు మెదడు ప్రమాదం వైపే ఎందుకు మొగ్గుతుంది? దీనికి మనకు తెలిసిన పాత ఉదాహరణ ఒకటుంది. మసక చీకట్లో దారిలో వంకరగా ఏదో పడి ఉంది. తాడును చూసి పామనుకున్నవాడు ఒక్క గెంతు గెంతుతాడు. అతనికి నష్టం ఆ గెంతు మాత్రమే. పామును చూసి తాడనుకున్నవాడు దాన్ని తొక్కుతాడు. అతనికి నష్టం ప్రాణం. లక్షల సంవత్సరాలుగా అడవుల్లో, మైదానాల్లో బతికిన మన పూర్వీకుల్లో ఎవరు ఎక్కువగా మిగిలి ఉంటారో ఊహించండి. గెంతినవాళ్ళే గదా! వాళ్ళ సంతానమే మనం.

అమెరికా వైద్యుడు రాండల్ఫ్ నెస్సే దీన్ని పొగను పసిగట్టే గంటతో పోల్చాడు. పెద్ద పెద్ద భవనాల్లో పొగ రాగానే మోగే పరికరం ఉంటుంది. పెనం మీద రొట్టె కాస్త మాడినా అది మోగుతుంది. విసుగు పుడుతుంది నిజమే. కాని నిజంగా నిప్పంటుకున్న రోజున మోగకపోతే ఎలా? అందుకే దాన్ని తయారుచేసేవాళ్ళు కావాలనే కాస్త ఎక్కువ సున్నితంగా చేస్తారు. మన జంకు కూడా అలాంటి గంటే. అది మోగిన ప్రతిసారీ నిప్పు ఉండదు. అలాగని దాన్ని పీకి పారేయకూడదు.

1341 మందిని అడిగితే

2016లో మెక్‌ఆండ్రూ, సారా కెంకీ కలిసి ఈ విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో 1029 మంది స్త్రీలు, 312 మంది పురుషులు, మొత్తం 1341 మంది పాల్గొన్నారు. "మీ స్నేహితులొకరు ఒక అదోరకం మనిషిని కలిశామని మీతో చెప్పారనుకోండి. ఆ మనిషిలో ఈ లక్షణాలు ఎంతవరకు ఉండి ఉంటాయి?" అని అడిగి, 44 లక్షణాల జాబితా ఇచ్చారు.

జవాబుల్లో పైకి తేలినవి చూడండి: మరీ దగ్గరగా నిలబడటం, నవ్వకూడని చోట నవ్వడం, ఎదుటివారు వెళ్ళిపోదామనుకున్నా వెళ్ళనీయకుండా మాట్లాడటం, జిడ్డు జుట్టు, విచిత్రమైన చిరునవ్వు, చివరికి పొడవాటి వేళ్ళు కూడా!

పొడవాటి వేళ్ళ వల్ల ఎవరికి ఏం హాని? ఏమీ లేదు. ఈ జాబితాలో చాలా లక్షణాలు నేరాలు కావు. కొన్ని పుట్టుకతో వచ్చినవి, కొన్ని పేదరికం వల్ల వచ్చినవి కూడా కావచ్చు. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. అవి మామూలుకు భిన్నంగా ఉండి, ఈ మనిషి తరువాత ఏం చేస్తాడో ఊహించనీయవు.

ఆ అధ్యయనంలో ఇంకొక విషయం కూడా తేలింది. అదోరకం మనిషి అంటే స్త్రీ కన్నా పురుషుడే అయి ఉంటాడని నూటికి 95 మంది అన్నారు. స్త్రీలూ అలాగే అన్నారు, పురుషులూ అలాగే అన్నారు. దీనికి కారణం లేకపోలేదు. సగటున పురుషుడి దేహబలం ఎక్కువ. ఐక్యరాజ్యసమితి 2019లో ప్రచురించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో హత్య కేసుల్లో అనుమానితులైనవారిలో నూటికి సుమారు 90 మంది పురుషులే. బలమూ ప్రమాదమూ ఎక్కువ ఉన్నవైపే గంట తొందరగా మోగుతుంది. ఆడపిల్లలకు మరీ తొందరగా మోగుతుంది. ఇది వాళ్ళ పిరికితనం కాదు, లెక్క తెలిసిన జాగ్రత్త. ఒక స్త్రీ ముక్తసరిగా మాట్లాడి, అదోలా నవ్వితే "పాపం, బిడియం" అంటాం. అదే పని ఒక పురుషుడు చేస్తే జంకుతాం.

అయితే ఒకటి మరచిపోకూడదు. ఈ అధ్యయనం చెప్పింది జనం ఎవరిని చూసి జంకుతారన్న సంగతే. అలా కనిపించేవారు నిజంగా చెడ్డవారా కాదా అన్నది అందులో కొలవలేదు.

పుస్తకంలో లేని వ్యాకరణం

మాటలకు వ్యాకరణం ఉన్నట్లే మనుషుల మధ్య మెలగడానికీ ఒక వ్యాకరణం ఉంది. దాన్ని ఏ బడిలోనూ చెప్పరు. చూసి నేర్చుకోవలసిందే.

దూరం సంగతే తీసుకోండి. అమెరికా మానవ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ 1966లో తమ దేశపు అలవాట్లను కొలిచి చెప్పాడు. సుమారు 45 సెంటీమీటర్ల లోపలికి అతి దగ్గరివాళ్ళనే రానిస్తారు. అక్కడి నుంచి 120 సెంటీమీటర్ల దాకా స్నేహితుల దూరం. ఆపైన 360 సెంటీమీటర్ల దాకా పరిచయస్థుల దూరం. ఇది అన్ని దేశాల్లో ఒకటి కాదు. 2017లో 42 దేశాల్లో సుమారు 9000 మందిని అడిగి చూస్తే దేశానికీ దేశానికీ చాలా తేడా కనిపించింది. ఒక దేశంలో మర్యాద అయినది మరో దేశంలో మీద పడటం అవుతుంది.

మరి కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో ఒకరినొకరు తోసుకుంటూ నిలబడతాం గదా, అక్కడ ప్రతివాళ్ళనీ చూసి జంకడం లేదేం? దగ్గరగా నిలబడటానికి కారణం కంటికి కనిపిస్తోంది కాబట్టి. అదే బస్సు ఖాళీగా ఉన్నప్పుడు ఒకడు వచ్చి మీ సీటులోనే కూర్చుంటే గంట మోగుతుంది. అంటే దగ్గరితనం ఒక్కటే కాదు, కారణం కనిపించని దగ్గరితనం మనల్ని జంకిస్తుందన్నమాట.

చూపుకూ కొలత ఉంది. లండన్‌లోని సైన్స్ మ్యూజియం సందర్శకుల మీద చేసి 2016లో ప్రచురించిన ప్రయోగంలో 56 దేశాలకు చెందిన సుమారు 500 మంది పాల్గొన్నారు. ఎదుటివారు కళ్ళలోకి ఎంతసేపు చూస్తే హాయిగా ఉంటుందని పరీక్షించారు. సగటున 3.3 సెకన్లని తేలింది. అంతకన్నా బాగా తక్కువైతే దొంగచూపు, బాగా ఎక్కువైతే గుచ్చి చూడటం.

మాటకూ మాటకూ మధ్య విరామానికి కూడా కొలత ఉంది. 2009లో వేరు వేరు ఖండాలకు చెందిన 10 భాషల్లో సంభాషణలు పరిశీలించారు. ఒకరు ప్రశ్న ముగించాక రెండోవారు అందుకోవడానికి పట్టే కాలం సగటున సెకనులో అయిదో వంతు! రెప్పపాటు కన్నా పెద్దదేం కాదు.

ఇప్పుడు ఆలోచించండి. దూరం, చూపు, విరామం, నవ్వు, ముఖకవళిక, ఇన్నిటినీ ఒకేసారి, క్షణక్షణం సరిచూసుకుంటూ మాట్లాడాలి. చాలామందికి ఇది ఈత వచ్చినవాడికి నీళ్ళలా ఉంటుంది. కొందరికి మాత్రం ఎంత ప్రయత్నించినా ఎక్కడో ఒక లెక్క తప్పుతుంది. అతి బిడియస్థుడు కళ్ళెత్తి చూడలేడు. ఎక్కువగా ఒంటరిగా పెరిగినవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. కంగారు పడేవాడికి నవ్వు తప్పు సమయంలో వస్తుంది. వాళ్ళు తప్పింది వ్యాకరణం. మనకు వినిపించేది ప్రమాద ఘంటిక.

వీడియో తీసేసి చదివితే

దీన్ని చక్కగా రుజువు చేసిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో డల్లాస్ దగ్గరి టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే నోవా సాసన్, ఆయన సహచరులు దాన్ని 2017లో ప్రచురించారు. వాళ్ళు ఎన్నుకున్నది ఆటిజం ఉన్నవారిని. ఆటిజం రోగం కాదు, అంటుకునేది కాదు. పుట్టుకతోనే మెదడు పెరిగే తీరులో ఉండే భేదం. అది ఉన్నవారి చూపు, స్వరం, ముఖకవళికలు తరచు మనకు అలవాటైన తీరులో ఉండవు.

ఆటిజం ఉన్నవారూ, లేనివారూ మాట్లాడుతున్న చిన్న చిన్న దృశ్యాలు తీసి, వాళ్ళెవరో చెప్పకుండా విద్యార్థులకు చూపించారు. "వీళ్ళతో స్నేహం చేస్తారా? పక్కన కూర్చుంటారా?" అని అడిగారు. ఆటిజం ఉన్నవారికి కొద్ది సెకన్లలోనే తక్కువ మార్కులు పడ్డాయి. దృశ్యం తీసేసి గొంతు మాత్రం వినిపించినా తక్కువే. ఒక్క బొమ్మ మాత్రం చూపించినా తక్కువే. చివరకు వాళ్ళు మాట్లాడిన మాటలను కాగితం మీద రాసి చదవమని ఇచ్చారు. అప్పుడు తేడా మాయమైపోయింది!

అంటే ఏమిటి? వాళ్ళు చెప్పిన విషయంలో లోపం లేదు. చెప్పే తీరు మాత్రమే వేరు. మాటలు చదివినవాళ్ళు మనిషిని చూశారు. మనిషిని చూసినవాళ్ళు తీరును మాత్రమే చూశారు. సాసన్ బృందం 2019లో ప్రచురించిన మరొక అధ్యయనంలో, "ఈయనకు ఆటిజం ఉంది" అని ముందుగా చెబితే చూసేవారి అభిప్రాయం మెరుగుపడింది. కారణం తెలియగానే గంట మెల్లబడిందన్నమాట.

బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు తాను స్వయంగా ఆటిజం ఉన్నవాడు. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే ఉండదని ఆయన 2012లో రాశాడు. వాళ్ళకు మన తీరు అర్థం కాకపోతే, మనకూ వాళ్ళ తీరు అర్థం కావడం లేదు. తప్పు మాత్రం ఎప్పుడూ వాళ్ళ ఖాతాలోనే వేస్తాం.

దీనివల్ల ఒక విషవలయం ఏర్పడుతుంది. మెలగడం రానివాణ్ణి చూసి అందరూ తప్పుకుంటారు. తప్పుకుంటే వాడికి నేర్చుకునే అవకాశం పోతుంది. నేర్చుకోకపోతే మరింత అదోరకంగా తయారవుతాడు. తరగతిలో ఎవరూ పక్కన కూర్చోని కుర్రవాడు కొన్నేళ్ళకు రైల్వే స్టేషన్ బల్ల మీద ఎవరి పక్కన కూర్చోవాలో తెలియని మనిషి కావచ్చు.

మోగవలసినచోట మోగని గంట

ఇంతవరకు అనవసరంగా మోగే గంట గురించి చెప్పుకున్నాం. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. అవసరమైనచోట అది మోగకపోవచ్చు.

భారత ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక పెద్ద నివేదిక ప్రచురించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను విచారించి తయారుచేసిన నివేదిక అది. పిల్లల పట్ల దుర్మార్గంగా ప్రవర్తించినవారిలో సగం మంది ఆ పిల్లలకు బాగా తెలిసినవారే, వాళ్ళు నమ్మినవారే అని అందులో తేలింది.

అలాంటివారు చక్కగా నవ్వగలరు. ఇంట్లో అందరితో కలుపుగోలుగా ఉండగలరు. దూరం, చూపు, విరామం అన్నీ కొలతకు సరిపోతాయి. వ్యాకరణం తప్పదు. అందుచేత గంట మోగదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 2006లో జరిగిన ప్రయోగాల్లో, ఒక ముఖాన్ని సెకనులో పదో వంతు కాలం చూపించినా చాలు, నమ్మదగినవాడా కాదా అని జనం తేల్చేసుకున్నారు. తొందరగా తేల్చుకోవడం వేరు, సరిగా తేల్చుకోవడం వేరు.

కాబట్టి జంకు అనేది సాక్ష్యం కాదు. జంకు లేకపోవడమూ సాక్ష్యం కాదు.

మరి ఎలా తేల్చుకోవాలి?

మనిషి ఎలా ఉన్నాడన్నది పక్కన పెట్టి, ఏం చేస్తున్నాడన్నది చూడండి. అన్నిటికన్నా మంచి పరీక్ష "వద్దు" అన్న మాట. "కాస్త దూరంగా జరగండి" అన్నారనుకోండి. మెలగడం తెలియని మనిషి కంగారుపడి జరుగుతాడు. బహుశా నొచ్చుకుంటాడు కూడా. కాని జరుగుతాడు. వద్దన్నా వినకపోవడం, వెంట రావడం, ముట్టుకోవడం, "ఇది ఎవరికీ చెప్పకు" అనడం, ఒంటరిగా రమ్మనడం, ఇవి తీరులు కావు, చేతలు. ఇలాంటివి ఎవరు చేసినా ఒప్పుకోకూడదు. ఆయన పరాయివాడు కానివ్వండి, బంధువు కానివ్వండి, ఎంత మర్యాదస్థుడైనా కానివ్వండి. వెంటనే అమ్మకో నాన్నకో టీచరుకో చెప్పాలి. చెప్పడానికి దగ్గర ఎవరూ లేకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు. దానికి డబ్బు కట్టనక్కరలేదు.

జంకు కలిగినప్పుడు లేచి దూరంగా వెళ్ళిపోవడానికి మీకు పూర్తి హక్కుంది. అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మర్యాద కోసం మొహమాటపడి కూర్చోనక్కరలేదు. పరీక్షించి చూద్దామని ఆగనూ అక్కరలేదు. కాని వెళ్ళి నిలబడ్డాక "వాడు దుర్మార్గుడు" అని ఊరంతా చాటే హక్కు మాత్రం లేదు. తప్పుకోవడానికి అనుమానం చాలు. నిందించడానికి ఆధారం కావాలి.

నలుగురిలో మెలగడం మీకే రాదనిపిస్తోందా? దిగులు పడకండి. సైకిల్ తొక్కడంలాగే ఇదీ నేర్చుకుంటే వచ్చేదే. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాగెసన్ బృందం ఇలాంటి పిల్లలకు పాఠాలు రూపొందించింది. సంభాషణలోకి ఎలా చేరాలి, ఎప్పుడు బయటపడాలి వంటివి అందులో నేర్పుతారు. ఆ పాఠాల వల్ల పిల్లలు మెరుగుపడ్డారని 2009లో ఫలితాలు ప్రచురించారు. మొదలుపెట్టడానికి మూడు సూత్రాలు చాలు. చేయి చాచినంత దూరం ఉంచండి. రెండు మాటలు చెప్పాక ఎదుటివారికి అవకాశం ఇవ్వండి. ఎదుటివారు ఒక అడుగు వెనక్కి వేస్తే మీరు ముందుకు వేయకండి.

మీరూ చేసి చూడండి

కావలసినవి: సుద్దముక్క, కొలిచే టేపు, తరగతిలో పదిమంది మిత్రులు.

నేల మీద సుద్దతో ఒక గీత గీయండి. ఒకరిని ఆ గీత మీద నిలబెట్టండి. రెండోవారు నాలుగు మీటర్ల దూరం నుంచి నెమ్మదిగా నడుస్తూ రావాలి. ఇబ్బందిగా తోచగానే గీత మీద ఉన్నవారు "ఆగు" అనాలి. అనగానే ఆగిపోవాలి. మధ్య దూరాన్ని కొలిచి రాసుకోండి. దగ్గరి స్నేహితులతో ఒకసారి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడనివారితో ఒకసారి, వస్తున్నవారు కళ్ళలోకి చూస్తూ ఒకసారి, నేల చూపులు చూస్తూ ఒకసారి చేయండి. పదిమంది లెక్కలూ పట్టికగా రాస్తే ఏ ఇద్దరి కొలతా ఒకటి కాదని మీకే తెలుస్తుంది.

ఈ ప్రయోగానికి తరగతిలో ఎవరూ పిలవని ఆ ఒక్క పిల్లవాణ్ణి కూడా పిలవండి. అతని దూరం ఎంతో మీకు తెలుస్తుంది. మీ దూరం ఎంతో అతనికీ తెలుస్తుంది.